ఖలాసీ చేతితో ఆపాడు

కృత్తిక కార్తె, తొమ్మిదో రోజు

ఇవాళ నా పెట్టెకు సన్మానం జరిగింది. నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. మూడు ఎండాకాలాలు ఒక్క తప్పు లేకుండా పనిచేసిన యంత్రాన్ని సన్మానించాలని సభలో అడిగింది నేనే. ఏ పనీ చేయనివాళ్లకు కూడా శాలువా కప్పుతున్నాం కదా, చేసినదానికి కప్పితే ఏం పోయింది అన్నాను. ఎవరూ కాదనలేదు. పోయిన ఏడు సన్మానం అందుకున్న ఇద్దరు మాత్రం తల దించుకున్నారు.

శాలువా దొరకలేదు. మేం ఎండకు తాళలేక బాయిలోకి దిగి నలభై రోజులు దాటింది, మగ్గాలన్నీ పైనే ఉండిపోయాయి. షాఫ్టు మొదట్లో ఉన్న పలక పైన యాభై ఒక్క డిగ్రీలని చెబుతోంది. శాలువా కోసం ఎవడెక్కుతాడు? అప్పుడు నాలుగో లెవెల్ నర్సవ్వ తన సందుకలోంచి కొత్త గొంగడి తీసుకొచ్చింది. పంపు గదిలో గోడకు బిగించిన నా ఇనుప పెట్టెకు బొట్టు పెట్టి, గొంగడి కప్పి, అందరం చప్పట్లు కొట్టాం. మా సర్దార్ ఓదెలు, ఈ పాత బొగ్గు బాయిలో మృగశిర దాకా మూడు వందల ఇళ్లకు పెద్ద, పది నిమిషాలు మాట్లాడాడు. అందులో తొమ్మిది నిమిషాలు తన గురించే.

తర్వాత పోశెట్టిని మాట్లాడమన్నారు. నర్సవ్వ భర్త. నాలుగో లెవెల్ పంపు ఖలాసీ. ఊట నీళ్లు ఇళ్లలోకి ఎక్కకుండా ఆ పంపును ఇరవై ఏళ్లుగా చూసుకుంటున్నది అతనే. జీవితంలో మొదటిసారి మైకు పట్టుకున్నాడు, పాపం.

"ఏం చెప్పాలె... పెట్టె మంచిగనే ఉన్నది. పంపు మోతకే చెవులు పోతున్నయ్. అప్పుడప్పుడు ఆపి జర నిమ్మళంగ కూసోబుద్ధయితది" అన్నాడు.

అందరం పగలబడి నవ్వాం. నేను మరీ ఎక్కువ నవ్వాను.

కృత్తిక కార్తె, పదకొండో రోజు

రెండో షిఫ్టులో నాలుగో లెవెల్ పంపు ఆగిపోయింది. నాలుగు ఇళ్లలోకి చీలమండల లోతు నీళ్లు వచ్చాయి. బియ్యం సంచులు, పరుపులు పైకెత్తుకుని జనం మూడో లెవెల్ మెట్ల మీద కూర్చున్నారు.

సర్దార్ గదిలోని రికార్డు పలక మీద ఉన్నది ఒక్కటే వాక్యం: ఖలాసీ చేతితో ఆపాడు.

ఈ పుస్తకాన్ని నా తర్వాత వచ్చే తీగల మేస్త్రీ చదువుతాడు కాబట్టి పద్ధతి రాసి పెడుతున్నాను. పంపు దగ్గర కింది పెట్టె, సర్దార్ గదిలో పై పెట్టె. మధ్యలో మాటను ఒక్కో గుర్తుగా వరసగా మోసే తొమ్మిది వందల మీటర్ల సీరియల్ తీగ. నిమిషానికోసారి పై పెట్టె అడుగుతుంది, కింది పెట్టె ఒక్క మాటలో జవాబిస్తుంది. తిరుగుతోంది అనో, ఆగింది అనో, ఖలాసీ చేతితో ఆపాడు అనో. ఈ మూడో మాట వినగానే పై పెట్టె కరెంటు తీసేస్తుంది. మనిషి చెయ్యి పంపులో ఉండవచ్చు కదా. మళ్లీ కరెంటు ఇవ్వాలంటే ఇంకో మనిషి కిందికి దిగి స్వయంగా చూసి రావాలి. దానికి గంట పడుతుంది. ఆ గంటలో ఊట తన పని తాను చేసుకుంటుంది.

సర్దార్ పోశెట్టిని పిలిపించాడు.

"మీట మీద చెయ్యి వెట్టినవా?"

"వెట్టలే."

"మరి పలక ఎందుకట్ల అంటది?"

"నన్నడిగితే ఏం తెలుస్తది? దాన్నే అడుగుండ్రి."

అడిగే పని నాకు పడింది.

కృత్తిక కార్తె, పదమూడో రోజు

మొత్తం ఐదుసార్లు ఆగింది. ఐదుసార్లూ అదే వాక్యం. పదకొండు ఇళ్లు తడిసాయి.

కింది పెట్టెను విప్పి రెండో లెవెల్లో ఉన్న నా బల్ల మీదికి తెచ్చుకున్నాను. పై పెట్టెకు జోడీగా నేను ఉంచుకున్న పరీక్ష పెట్టెతో దాన్ని మాట్లాడించాను. పదివేల మాటలు. ఒక్కటీ తప్పలేదు. నా పెట్టె బంగారం. నాకు ముందే తెలుసు.

కాగితం మీద రాసిచ్చాను: "పరికరంలో లోపం లేదు. స్వరూప, తీగల మేస్త్రీ." సంతకం చేసి, పెట్టెను తిరిగి పంపు గదిలో బిగించి, అంబలి తాగడానికి వెళ్లాను. మొత్తం కలిపి గంటన్నర కూడా పట్టలేదు.

అంబలి గిన్నె దగ్గరే తెలిసింది నేను ఏం రాసిచ్చానో. పెట్టెలో లోపం లేదంటే పోశెట్టి చెయ్యి పెట్టాడని. సన్మానం రోజు మైకులో అతను అన్న మాట అందరి నోళ్లలోనూ ఉంది. "ఆపి నిమ్మళంగ కూసోబుద్ధయితదని ఆయనే చెప్పిండు కదా" అంటున్నారు. ఆ రోజు నవ్విన నోళ్లే.

నీళ్ల విషయంలో తప్పు చేసినవాడి దీపం తీస్తారు. ఇది మా బాయి కట్టుబాటు. తలకు పెట్టుకునే దీపం లేనివాడు కిందికి దిగకూడదు. మృగశిర వచ్చేదాకా పైన రేకుల షెడ్డులో ఉండాలి. పోయిన ఏడు దీపం పోగొట్టుకుని ఇద్దరు పైకెక్కారు. వానలు పడ్డాక ఒక్కడే కనిపించాడు.

పోశెట్టికి యాభై నాలుగేళ్లు. రోహిణి కార్తె ఆరో రోజున సభ. అప్పటిదాకా పంపు అతని చేతిలోనే ఉంటుంది. ఆ ముసలి పంపు వినేది అతనొక్కడి మాటే.

కృత్తిక కార్తె, ఆఖరి రోజు

నర్సవ్వ నా బల్ల దగ్గరికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అక్కా, నీ పెట్టె చెప్పింది పదివేల మాట్లు ఇన్నవంట గదా."

"అవును నర్సవ్వా."

"మా ఆయన చెప్పింది ఎన్ని మాట్లు ఇన్నవు?"

ఒక్కసారి కూడా వినలేదు. సర్దార్ అడుగుతుంటే పక్కన నిలబడ్డాను, అంతే. ఆమె వెళ్లిపోయాక చాలాసేపు సిగ్గుతో నా పనిముట్లు తుడుస్తూ కూర్చున్నాను. తుడవాల్సినవేమీ లేవు.

రేపటి నుంచి మళ్లీ మొదలుపెడతాను. ఐదు రోజుల టైముంది.

రోహిణి కార్తె, మొదటి రోజు

తొమ్మిది వందల మీటర్ల తీగను చేతులతో తడుముతూ నడిచాను. అతుకులు పద్నాలుగు. మూడు అతుకులు పచ్చగా తుప్పు పట్టి ఉన్నాయి, అన్నీ కోసి కొత్తగా వేశాను. ఒకచోట ఎలుక కొరికింది, ఆ ముక్కే మార్చేశాను. మోకాళ్లు పోయాయి కానీ మనసు కుదుటపడింది. దొరికింది దొంగ అనుకున్నాను.

రెండో షిఫ్టులో పంపు మళ్లీ ఆగింది. అదే వాక్యం.

రోహిణి కార్తె, రెండో రోజు

తీగ కాకపోతే పెట్టె. బల్ల మీద బంగారంలా ఉన్నా, అక్కడికెళ్లాక ఏమవుతోందో ఎవరికి తెలుసు? నా దగ్గరున్న కొత్త కింది పెట్టె పట్టుకుని వెళ్లాను. కరెంటు తీయించడానికి సర్దార్ ఒప్పుకుని, మనిషిని పంపి, ఆ మనిషి వచ్చి చూసేసరికి గంట గడిచింది. మేం వెళ్లేసరికే పోశెట్టి గొంగడి తీసి, నీట్‌గా మడిచి, బెంచీ మీద పెట్టి ఉంచాడు.

పాతది విప్పి కొత్తది బిగించాను. పోశెట్టి గొంగడి చేత్తో పట్టుకుని నిలబడి అడిగాడు.

"అక్కా, సన్మానం పాత పెట్టెదా, కొత్త పెట్టెదా?"

"ఏందన్నా?"

"అంటే గొంగడి దేనికి కప్పాలె? పాతది నీతోని వస్తున్నది గదా."

రేపోమాపో పైకెక్కాల్సి ఉన్న మనిషికి ఇదా దిగులు! నవ్వొచ్చింది, కళ్లు కూడా చెమర్చాయి. "సన్మానం కుర్చీకి చేస్తరన్నా, కూసున్నోళ్లకు కాదు" అన్నాను. అతను నిజమేనన్నట్టు తలూపి కొత్త పెట్టెకు గొంగడి కప్పాడు. కప్పడమంటే ఊరికే వేయడం కాదు. అంచులు లోపలికి మడిచి, పంపు బెల్టులో పడకుండా చుట్టూ రెండు వరసలు సన్నతాడు కట్టి, పసిబిడ్డను చుట్టినట్టు చుట్టాడు. పై కప్పు నుంచి చుక్కలు పడతాయి, పెట్టె తడవకూడదు అని కూడా చెప్పాడు.

రోహిణి కార్తె, మూడో రోజు

కొత్త పెట్టె కూడా అదే మాట చెప్పింది. రెండుసార్లు.

ఇప్పుడు ఏమనుకోవాలి? తీగ మార్చాను. పెట్టె మార్చాను. మారనిది ఒక్క మనిషే. రెండు పెట్టెలు కూడబలుక్కుని అబద్ధం చెప్పవు కదా. నాకు కోపం వచ్చింది. నన్ను ఇంత తిప్పినందుకు, నర్సవ్వ ముందు తల దించుకునేలా చేసినందుకు. సరాసరి పంపు గదికి వెళ్లి మొహం మీదే అడిగాను.

"నిజం చెప్పన్నా. అలిసిపోయి ఆపినవా? చెప్తే సర్దార్ కాళ్లన్న పట్టుకుంట."

పోశెట్టికి కోపం రాలేదు. అదే నన్ను ఇప్పటికీ తినేస్తోంది.

"రెండు పెట్టెలు ఒక్కతీర్గ చెప్పినయంటే నాకు సుత అనుమానమే అయితున్నదక్కా. నిద్రల లేచి ఆపుతున్ననా ఏంది? వయసు మీద వడ్డది. చేసి యాది మరుస్తున్ననేమో."

ఆ మాట అన్నాక తన అరచేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు.

రోహిణి కార్తె, నాలుగో రోజు

పొద్దున లేచి, పంపు ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది అని రికార్డు నుంచి అన్నీ ఒక కాగితం మీద వరసగా రాశాను. ఈ పని మొదటి రోజే చేయాల్సింది. చేయలేదు. మొదలైన నలభై మూడు నిమిషాలకు. నలభై ఒకటికి. నలభై నాలుగుకు. మళ్లీ నలభై మూడుకు. పంపు అరగంట తిరిగి నీళ్లు తగ్గి దానంతట అదే ఆగిన రోజుల్లో ఒక్కసారి కూడా రాలేదు.

పోశెట్టిని ఇరవై ఏళ్లుగా ఎరుగుదును. తన కూతురి పెళ్లికి తనే గంట ఆలస్యంగా వచ్చిన మనిషి. దొంగతనంగా పంపు ఆపడానికి మాత్రం నిమిషాలు లెక్కపెట్టుకుంటాడా? వెంటనే కిందికి దిగాను.

పంపు గదిలో పోశెట్టి బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. రెండు చేతులకూ రుమాలు కట్టి, దాని కొసను బెంచీ కాలికి ముడివేసి ఉంది. భయపడిపోయాను.

"ఎవరు కట్టిండ్రన్నా?"

"నర్సవ్వ. నేనే కట్టుమన్న. నిద్రల లేస్తున్ననేమో తెలుస్తది గదా."

అతని పక్కన కూర్చున్నాను. పంపు మొదలైంది, ఆ మోతలో మాట్లాడుకోవడానికి కుదరదు, చూస్తూ కూర్చున్నాం. నలభై నిమిషాలు. నలభై ఒకటి. నలభై రెండో నిమిషం నడుస్తుండగా పంపు దడదడలాడి ఆగిపోయింది. గోడ ఫోను మోగింది. పై నుంచి సర్దార్ గొంతు: "స్వరూపా, అక్కడనే ఉన్నవా? వాడు మళ్ల చెయ్యి వెట్టిండు!"

నేను పోశెట్టి చేతుల వైపు చూశాను. ముడి వేసింది వేసినట్టే ఉంది. అతను కూడా తన చేతుల వైపే చూస్తున్నాడు. ఆ తర్వాత ఏడ్చాడు. చేయలేదని తెలిసి ఏడ్చాడు. నేను ఆ ముడి విప్పుతూ నా గురించి ఏమనుకున్నానో ఇక్కడ రాయను.

అక్కడితో సగం పనే అయింది. నేను చూశాను అంటే సర్దార్ వినడు. రికార్డును నోటి మాటతో కొట్టేస్తే రేపు ప్రతి తప్పుకూ ఒక సాక్షి పుట్టుకొస్తాడంటాడు. అదీ నిజమే. రికార్డు ఎందుకు తప్పిందో చూపించాలి. నలభై నిమిషాల తర్వాత ఏం మారుతోంది? లేచి నిలబడి, ఆలోచిస్తూ గోడ వైపు జరిగి, పెట్టె మీద మోచెయ్యి ఆనించాను.

వెంటనే తీసేశాను. గొంగడి అడుగున పెట్టె అప్పుడే దించిన పెనంలా కాలుతోంది.

ఇన్ని రోజులూ నేను ఆ పెట్టెను ముట్టుకున్నదెప్పుడు? కరెంటు తీసి గంటయ్యాక, గొంగడి మడిచి పక్కన పెట్టాక, చల్లారాక. బల్ల మీద పరీక్షించిందీ గొంగడి లేకుండానే, పంపు లేకుండానే.

రోహిణి కార్తె, ఐదో రోజు

నర్సవ్వ నుంచి ఇంకో గొంగడి అడిగి తెచ్చుకున్నాను. "ఇప్పుడు ఎవరికి సన్మానం?" అంది. ఆమె నవ్వడం పది రోజుల తర్వాత చూశాను.

పంపు తిరుగుతున్నంతసేపు కింది పెట్టెలోని పంపు మీటను పట్టి ఉంచే రిలే తీగ చుట్ట వేడెక్కుతూనే ఉంటుంది. మూడేళ్లుగా ఆ వేడి గాలికి పోయింది. బల్ల మీద ఆ చుట్టకు పని కల్పించి, పెట్టెకు గొంగడి చుట్టి, పోశెట్టి కట్టినట్టే తాడు కట్టి, లోపలికి ఒక థర్మామీటరు దూర్చి కూర్చున్నాను. ముప్పై నిమిషాలకు యాభై ఐదు డిగ్రీలు, మాటలు సరిగ్గానే ఉన్నాయి. నలభై రెండు నిమిషాలకు అరవై నాలుగు. నా పరీక్ష పలక మీద వాక్యం మారింది: ఖలాసీ చేతితో ఆపాడు. గదిలో ఉన్నది నేనొక్కదాన్నే, ఖలాసీ లేడు, పంపూ లేదు. నేను గట్టిగా అరిచాను. పక్క గదిలో పప్పు రుబ్బుతున్నవాళ్లు పరుగెత్తుకొచ్చారు.

సంగతి ఇదీ. ఈ రెండు పెట్టెలకు ఉమ్మడి గడియారం లేదు, ఎవరిది వారిదే. కింది పెట్టె 'మొదలు' అనే గుర్తు పంపుతుంది. అక్కడి నుంచి పై పెట్టె తన లెక్కన ఎనిమిది గడులు చూస్తుంది, ఒక్కో దాంట్లో సంకేతం ఉందా లేదా అని. ఆ తర్వాత ముగింపు గుర్తు. ఇద్దరి లెక్కలూ నూటికి రెండో మూడో తేడా ఉన్నా పని జరిగిపోతుంది. కింది పెట్టెలోని చవక గడియారం వేడెక్కితే పరిగెడుతుంది. అరవై నాలుగు డిగ్రీల దగ్గర నూటికి ఆరు దాటింది. అప్పుడు పై పెట్టె ఎనిమిదో గడి చూద్దామని కన్ను తెరిచేసరికి, కింది పెట్టె దాన్ని ముగించేసి ముగింపు గుర్తులో ఉంటోంది.

ముగింపు గుర్తు ఎప్పుడూ 'ఉంది' అనే చెబుతుంది. ఎనిమిదో గడిలో 'ఉంది' అంటే ఖలాసీ చెయ్యి పడిందని అర్థం. ఆ గడిని దానికి ఎంచింది నేనే. ఇంకా ఘోరం, ముగింపు తర్వాత ఖాళీగా ఉన్న తీగ కూడా 'ఉంది' లాగే కనిపిస్తుంది. అందుకే తప్పు చదివానన్న అనుమానం పై పెట్టెకు రానే రాదు. ధీమాగా మనిషి మీద నింద వేస్తుంది. అచ్చం నాలాగే.

సన్మానం అడిగింది నేను. గొంగడి ఇచ్చింది నర్సవ్వ. తడవకుండా, జారకుండా, గాలి చొరకుండా అంత శ్రద్ధగా కట్టింది పోశెట్టి. మా ముగ్గురి మర్యాదా కలిసి అతన్ని ఎండలోకి తోయబోయింది.

రోహిణి కార్తె, ఆరో రోజు

సభ మొదటి షిఫ్టులోనే మొదలైంది. పోశెట్టి దీపం సర్దార్ ముందు బల్ల మీద పెట్టి ఉంది. నర్సవ్వ ముందు వరసలో కూర్చుంది. పైన యాభై మూడు డిగ్రీలని చదివి వినిపించారు. ప్రతి సభలోనూ చదువుతారు, ఇవాళ అందరూ ఆ దీపం వైపు చూశారు.

నేను గడులు, గుర్తులు అని మొదలుపెట్టగానే సర్దార్ చెయ్యెత్తాడు. "బిడ్డా, నాకు సమజయ్యేటట్టు చెప్పు."

"సర్దార్ సాబ్, జర లేచి రాండ్రి." అతన్నీ, అతని పక్కన కూర్చునే లెక్కల పెద్దమనిషినీ వీపు వీపు ఆనించి నిలబెట్టాను. కళ్లు మూసుకోమన్నాను. మొదలు అనగానే ఇద్దరూ ఎవరి లెక్కన వారు ఎనిమిది చప్పట్లు కొట్టాలి. మొదటి మూడు కలిసే పడ్డాయి. ఐదో దానికి కొంచెం ఎడం. సర్దార్ ఎనిమిదో చప్పట్టు దగ్గరకు వచ్చేసరికి పెద్దమనిషి కొట్టేసి చేతులు కట్టుకున్నాడు. సభంతా నవ్వింది.

"తప్పు ఎవరిది?" అన్నాను.

"ఇద్దరిది కాదు" అన్నాడు సర్దార్ నెమ్మదిగా. తర్వాత మళ్లీ గట్టిపడ్డాడు. "ఇది చప్పట్ల ముచ్చట. పంపు ముచ్చట చూపియ్యి."

సిద్ధంగానే ఉన్నాను. పంపు గదిలో గొంగడి చుట్టి, పంపు వేసి, గదిలో ఎవరూ లేరని సర్దార్ మనిషి చేతే చూపించి, తాళం వేయించాను. తాళంచెవి సర్దార్ జేబులో. పోశెట్టిని అందరి ఎదురుగా కూర్చోబెట్టాం. ఇక చూడమన్నాను, నలభై మూడు నిమిషాలు.

నలభై మూడు అయింది. పలక మీద: తిరుగుతోంది. నలభై ఐదు. తిరుగుతోంది. జనం నా వైపు చూడడం మొదలుపెట్టారు. నలభై ఎనిమిది. లెక్క తప్పానా? బల్ల మీద అయింది ఇక్కడ కాదా? పోశెట్టి బల్ల మీదున్న దీపం వైపు చూస్తున్నాడు. యాభై. సర్దార్ గొంతు సవరించుకున్నాడు.

అప్పుడు పోశెట్టే నా వైపు వంగి, మెల్లగా అడిగాడు. "తాడు నువ్వు కట్టినవా అక్కా?"

"ఆఁ."

"ఒక్క వరసనా, రెండు వరసలా?"

"ఒక్కటే."

"గాలి పోతున్నది. జర సేపాగు."

తన బతుకు తేలుతున్న చోట కూడా నా ముడి వదులైందని నాకు ధైర్యం చెబుతున్నాడు ఈ మనిషి. యాభై నాలుగో నిమిషంలో పలక మారింది. తాళం వేసిన ఖాళీ గదిలో, తాళంచెవి సర్దార్ జేబులో ఉండగా, మా అందరి కళ్ల ముందు: ఖలాసీ చేతితో ఆపాడు.

ఎవరో ఫక్కున నవ్వారు, ఆ వెంటనే సభంతా లేచింది. నర్సవ్వ రెండు చేతులతో మొహం కప్పుకుంది. సర్దార్ జేబులోంచి తాళంచెవి తీసి దాని వైపే చాలాసేపు చూశాడు. అప్పుడు దీపం తీసుకుని తన చేతులతోనే పోశెట్టి తలకు పెట్టాడు. "తప్పయింది తమ్మీ" అన్నాడు. ఓదెలు సర్దార్ నోట ఆ మాట నేను వినడం ఇదే మొదటిసారి.

నేను అందరి ముందూ నా కాగితం చదివి, ఇది తప్పు అని కింద రాసి, మళ్లీ సంతకం చేశాను. పెట్టెకు ఇక ఏ గుడ్డా కప్పకూడదు. చుక్కలు పడకుండా ఎడంగా ఒక రేకు వేస్తాను. చేతి గుర్తును ఇకపై ఒకే గడిలో కాక రెండుసార్లు, రెండోసారి 'ఉంది'ని 'లేదు'గా తిరగేసి పంపేలా మార్చాను. రెండూ పొసగకపోతే పై పెట్టె కరెంటు తీస్తుంది, కానీ ఎవరి పేరూ చెప్పదు. నన్ను పిలుస్తుంది. నన్నే తిట్టుకోవచ్చు.

అదే రోజు, రెండో షిఫ్టు

కింది పెట్టె మీద ఏమీ లేదు. పంపు మొదలై గంటా పది నిమిషాలు. తిరుగుతోంది, తిరుగుతోంది, తిరుగుతోంది. ఇంత అందమైన మాట నేనెప్పుడూ చదవలేదు.

షిఫ్టు సైరన్ మోగి పావుగంటైనా పోశెట్టి పంపు గదికి రాలేదు. ఏమైందోనని పరుగున అతని ఇంటికి వెళ్లాను. గుమ్మంలోనే బల్ల మీద పడి నిద్రపోతున్నాడు. చెప్పులు కూడా విప్పలేదు. దీపం తల మీదే ఉంది, దాని పట్టీని రెండు చేతులతోనూ పట్టుకుని ఉన్నాడు. నర్సవ్వ పక్కన కూర్చుని విసురుతోంది.

"పది దినాలాయె అక్కా, కన్ను మూసి. డ్యూటీకి ఆలస్యమయిందా? లేపాల్నా?"

"లేపకు" అన్నాను.

వచ్చి పంపు గదిలో కూర్చున్నాను. ఈ మోత నిజంగానే భరించలేనిది. ఖలాసీ రాకపోతే రాలేదని హాజిరి పుస్తకంలో రాయాలి, అది కూడా రికార్డే. పుస్తకం తెరిచి, ఇవాళ్టి తేదీ కింద, రెండో షిఫ్టు, పోశెట్టి పేరు ఎదురుగా, హాజరు అని నా చేతితో రాశాను. అది అబద్ధం. ఈ పని పుస్తకాన్ని మృగశిరకు సర్దార్ చదువుతాడని తెలిసే రాస్తున్నాను. దానికి నా దీపం తీస్తారేమో తీయనీ. అతను మాత్రం ఇంకో నాలుగు గంటలు పడుకుంటాడు.